పంపుగారి పవళింపు

మెరిదా,
ఫిబ్రవరి, మొదటి ఆదివారం

ఫిదేలియా అత్తకి,

నీ మేనకోడలు లాందీ రాస్తున్నాను. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని అంటావు. నువ్వు ఫోన్లో మాట్లాడితే తిష్‌కొకోబ్‌లో చర్చి మైకు అక్కర్లేదు. ఈ సంగతి ఊరి కంటే ముందు నీకు తెలియాలి. అందుకే గాస్పర్ బస్సులో నీ నూలు కట్టలతో పాటు ఈ ఉత్తరం కూడా పంపుతున్నాను. దారిలో వాడు విప్పి చదివితే నీకు చెప్పేస్తాడు, నువ్వు నాకు చెప్పు.

అత్తా, నాకు ఇన్సులిన్ పంపు ఇచ్చారు! అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. దాన్నుంచి సన్నటి గొట్టం వచ్చి పొట్ట మీద అంటించిన బిళ్ళలో దూరుతుంది. రాత్రీ పగలూ చుక్కచుక్కగా ఇన్సులిన్ ఎక్కుతూనే ఉంటుంది. జబ్బకి ఇంకో బొత్తాం అంటించారు. అది నా షుగర్ చూసి పంపుకి చాడీలు చెబుతుంది. షుగర్ పడిపోతే పంపు కూత పెడుతుంది. పదకొండో ఏట నుంచీ సూదులు పొడుచుకుంటున్న దాన్ని, నాకిది పెళ్ళి కంటే పెద్ద పండగ.

అయితే ఇంకా నాది కాలేదు. క్లినిక్‌లో పంపులు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. మే నెల దాకా వాడి చూడమన్నారు. అప్పుడు డాక్టర్ ఇలియానా పంపు దాచుకున్న లెక్కంతా తీసి చూస్తుంది. షుగర్ అదుపులో ఉంటే పంపు నాది. లేకపోతే వరసలో నా వెనక ఉన్న టెకాష్ ఊరి ఆవిడది. నేను మళ్ళీ సూదులకి పోవాలి. ఆవిడ మంచిదే. కూర్చోమని నాకు తన కుర్చీ కూడా ఇచ్చింది. కానీ నా నడుము వైపు ఆవిడ చూసిన చూపు మాత్రం నాకు నచ్చలేదు.

ఒక్కటే చిక్కు. దీంతో ఎలా పడుకోవాలో తెలియడం లేదు. నర్సు ఇచ్చిన కాగితం మీద ఒకామె మంచం మీద వెల్లకిలా పడుకుని నవ్వుతోంది. మనం పడుకునే వల ఉయ్యాల బొమ్మ లేదు. మనకి మంచం ఎక్కడిది? మొదటి రాత్రి మన ఇంటి అలవాటు చొప్పున పంపుని ఉయ్యాల తాళ్ళకి తగిలించాను. తాళంచెవులు, జపమాల, నీ కళ్ళజోడు, అన్నీ తలదగ్గర తాళ్ళకే కదా మనం వేలాడదీసేది! హాయిగా నిద్రపట్టింది. పొద్దున్నే పంపు సంగతి మరిచిపోయి దిగి నడిచాను. రెండడుగులు వేశానో లేదో, పలుపుతాడు బిగిసిన మేకలా ఆగిపోయాను. బిళ్ళ ఊడింది. నేను పెట్టిన కేకకి కింద ఇంట్లో చిలక కూడా అరిచింది.

ఉయ్యాలలు అల్లే చేతులు నీవి. ఏదైనా ఉపాయం చెప్పు. ఇంకో మాట, అత్తా. ఇక నువ్వు నా గురించి తెల్లవారుజామున ఉలిక్కిపడి లేవక్కర్లేదు. అదంతా పంపు చూసుకుంటుంది.

నీ
లాందీ

*

తిష్‌కొకోబ్,
కార్నవాల్ ముందు గురువారం

ఒసేయ్ లాందీ,

ఉత్తరం అందింది. నూలు కూడా అందింది. నేను ముదురాకుపచ్చ రాస్తే నువ్వు చిలకపచ్చ పంపావు. ఆ సంగతి తర్వాత తేలుస్తాను.

నీ పంపు గురించి సంతోషం. చాలా సంతోషం. పంపు చూసుకుంటుందట! మీ అమ్మ పోయాక, మీ నాన్న చేపల పడవలెక్కి తిరుగుతుంటే, నిన్ను చూసుకున్నది ఏ పంపు? రోజూ తెల్లవారుజామున లేచి నీ నుదురు తడిమి, చెమట పట్టి ఉంటే నారింజ రసం తాగించింది ఎవరు? నాకు బ్యాటరీ పెట్టారా? నేనేమైనా కూత పెట్టానా? వీధి వీధంతా పడుకునే ఉండేది.

సరే, నీ చిక్కుకొద్దాం. దీనికి ఇంత ఆలోచనేమిటే? చెవిదిద్దులు తీసి పడుకుంటాం. చెప్పులు విడిచి పడుకుంటాం. మీ నికనోర్ మామయ్య, ఆయన ఆత్మకి శాంతి, పళ్ళ సెట్టు తీసి గ్లాసులో వేసి పడుకునేవాడు. నువ్వూ రాత్రికి దాన్ని తీసి పక్కన పెట్టు, పొద్దున్నే తగిలించుకో. లేదా శనాదివారాలు ఇంటికొచ్చెయ్యి. అత్త ఇంకా చావలేదు.

పక్క మగ్గం రుఫీనాని కూడా అడిగాను. “అంత విలువైన వస్తువుని నడుముకి కట్టుకుని పడుకుంటే దొంగలు ముందు నడుమే కోస్తారు,” అంది. దాని మాటలు నువ్వు పట్టించుకోకు.

నువ్వు పంపిన చిలకపచ్చ నూలు ఎందుకూ పనికిరాలేదు కాబట్టి దానితో పంపుకి ఒక సంచి అల్లి పంపుతున్నాను. మెడలో వేసుకో.

అత్త

*

మెరిదా,
మార్చి, రెండో వారం

అత్తకి,

నువ్వు అల్లింది సంచి కాదు, బుల్లి ఉయ్యాల. నీ చేతికి ఇంకో అల్లిక రాదని నాకు తెలిసి ఉండాల్సింది. దాని వల కళ్ళు ఎంత పెద్దవంటే పంపు ఒక కంట్లోంచి జారింది. జారి ఊరుకుందా? ఉయ్యాల వల కంట్లోంచి కూడా జారింది. పైన నేను, కింద పంపు, మధ్యలో నువ్వు అల్లిన ఉయ్యాల! నిద్రలో ఇటు తిరిగి అటు తిరిగేసరికి గొట్టం నీ దారాల్లో పడి చిక్కుముడి అయిపోయింది. లేవలేను, దిగలేను. నాతో గది పంచుకునే గ్రసియేలా కత్తెర పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

“ఏది కొయ్యమంటావ్? తొందరగా చెప్పవే!” అంది.

“ఉయ్యాల కొయ్యకు, మా అత్త అల్లింది!” అన్నాను.

గొట్టం కోసేసింది. కోశాక ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. గ్రసియేలా కత్తెర కింద పెట్టింది. “లాందీ, నేను ప్వేబ్లా దాన్ని. మాకు ఉయ్యాల అంటే పసిపిల్లలని పడుకోబెట్టేది. నీకు అది ప్రాణం కంటే ఎక్కువని నాకెలా తెలుస్తుంది?” అంది. కొత్త గొట్టం పెట్టుకోవాల్సి వచ్చింది. క్లినిక్‌లో అవి లెక్కపెట్టి ఇస్తారు.

ఆ తర్వాత గ్రసియేలా పోరు పడలేక ఒక పని చేశాను. చెబుతాను, కూర్చుని చదువు. దాని మంచం మీద పడుకున్నాను.

అత్తా, మంచం ఎంత ఘోరమో నీకు తెలియదు. రొట్టెల పిండిని బల్ల మీద పరిచినట్టు పరిచేస్తుంది మనిషిని. వీపుకి గాలి తగలదు. ఊపుదామని కాలితో గోడని తన్నాను, అలవాటు కొద్దీ. మంచం ఊగలేదు, నేను కింద పడ్డాను. పంపు మాత్రం దిండు మీద మహారాజులా ఉండిపోయింది.

దీనికి తోడు చిలక. కింద ఇంటి దోన్యా ఒతీలియా చిలక పంపు కూత నేర్చేసుకుంది. అచ్చం అదే కూత. షుగర్ పడిపోయిందేమోనని గుండె పట్టుకుని లేస్తాను, చూస్తే పంపు నిద్రపోతోంది, కిటికీలోంచి చిలక కూస్తోంది. ఆవిడకి చెబితే, “పోనీలేమ్మా, ముద్దుగా లేదూ? ఇంతకు ముందు దానికి బూతులు తప్ప ఏమీ రావు,” అని మురిసిపోతోంది.

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. నా నిద్ర అన్నీ ఎరుగును. అది తప్ప అంతా బాగుంది. షుగర్ లెక్క కూడా బాగానే ఉంది. బెంగపెట్టుకోకు.

లాందీ

*

తిష్‌కొకోబ్,
మార్చి, పవిత్ర వారానికి ముందు

లాందీ,

మంచమా?

మన వంశంలో మంచమెక్కినవాళ్ళు ఇద్దరే. మీ తాత, కాలు విరిగి ఆస్పత్రిలో. రెండోది ఆ ఆస్పత్రిలోనే పుట్టిన మీ నాన్న, అది కూడా మధ్యాహ్నం దాకానే. నా చేత్తో అల్లిన ఉయ్యాలలు ఎక్కడెక్కడి ఇళ్ళలోనో ఊగుతుంటే, నా మేనకోడలు ప్వేబ్లా మంచం మీద పిండిలా పరుచుకుందా! రుఫీనాకి చెప్పలేదు. చెప్పలేదంటే, సగమే చెప్పాను. మిగతా సగం అదే ఊహించింది.

ఉయ్యాలని కాపాడినందుకు మాత్రం కళ్ళు చెమర్చాయి. గొట్టం కోయించినందుకు చెంపలు వాయించాలి. రెండూ ఒకేసారి ఎలా చెయ్యాలో తెలియక ఈ పూట మగ్గం ముందు ఊరికే కూర్చున్నాను.

చిలక సంగతి చెబుతా విను. దానికి అబనేరో మిరపకాయ పెట్టించు. చిలకలకి కారం తెలియదని రుఫీనా అంటోంది. అయితే దోన్యా ఒతీలియాకి పెట్టించు.

ఇప్పుడు అసలు మాట. షుగర్ లెక్క బాగానే ఉందని రాశావు. నిన్న గాస్పర్ వచ్చి ఏమన్నాడో తెలుసా? “అత్తా, లాందీ బస్సు స్తంభం పట్టుకుని నిలబడే నిద్రపోతోంది. లేపితే ‘చిలకా, చిలకా’ అంటోంది,” అన్నాడు. నీ అక్షరాలు చూస్తే వాలిపోతున్నాయి. ఇంత నీరసం షుగర్ ఎక్కినప్పుడే నీకొచ్చేది. నాకు తెలియదా? చిన్నప్పుడు దొంగతనంగా బొప్పాయి మిఠాయి తిన్న మర్నాడల్లా ఇలాగే ఉండేదానివి.

నిజం చెప్పు. పంపు తీసి పడుకుంటున్నావా? నేను చెప్పిన మంచి మాట ఒక్కటీ ఏనాడూ వినలేదు. చెత్త మాట చెబితే చాలు, వెంటనే వింటావు.

ఎందుకొచ్చిన గొడవ, లాందీ. ఇంటికి వచ్చేసెయ్యి. సూదులతో ఇన్నేళ్ళు బతకలేదా? నేనున్నానుగా.

అత్త

*

మెరిదా,
ఏప్రిల్, ఈస్టర్ అయిన మర్నాడు

అత్తకి,

అవును. తీసి పడుకుంటున్నాను. పంపు తీస్తే ఇన్సులిన్ ఆగిపోతుందని, తెల్లారేసరికి షుగర్ కొండెక్కుతుందని నాకు తెలుసు. తెలిసే తీశాను. ఒక్క రాత్రి పడుకుందామని తీశాను, తర్వాత రోజూ అదే అలవాటైంది. ఊడుతుందేమో, చిక్కుకుంటుందేమో, చిలక కూస్తుందేమో అని భయపడి భయపడి అలిసిపోయాను.

డాక్టర్ ఇలియానా పోయిన వారం లెక్క తీసి చూసింది. పంపుకి దాపరికం లేదు, అన్నీ చెప్పేసింది. ఆవిడ తిట్టలేదు, అదే బాధ. “ఇంకో నెల ఉంది, లాందీ. రాత్రిళ్ళు ఇలాగే ఉంటే నేను నీకోసం వాదించలేను. ఆ టెకాష్ ఆవిడకి ఇద్దరు పసిపిల్లలు,” అంది. వాకిట్లో ఆవిడ కూర్చునే ఉంది. నాకు తలెత్తి చూడబుద్ధి కాలేదు.

ఒక మాట అంటాను, కోపం తెచ్చుకో పరవాలేదు. నీకు ఈ పంపు ఇష్టం లేదు. ఏ ఉత్తరం చూసినా తీసెయ్యి, వచ్చెయ్యి, నేనున్నాను. ఎన్నాళ్ళుంటావు అత్తా? నువ్వు లేని రాత్రి కూడా నేను బతకాలి కదా! పొట్టకి ఒక వస్తువు కట్టుకుని, అది ఊడితే మొదటికే మోసమని తెలిసి కళ్ళు మూసుకోవడం ఎలా ఉంటుందో నీకు తెలియదు. తెలియనప్పుడు సలహాలివ్వకు.

ముదురాకుపచ్చ నూలు పంపుతున్నాను.

లాందీ

*

తిష్‌కొకోబ్,
ఏప్రిల్, ఎండలు మండే రోజు

లాందీ,

నీ ఉత్తరం చదివి మడిచి పెట్టేశాను. జవాబు రాయకూడదనుకున్నాను. నా పక్షాన మాట్లాడుతుందని రుఫీనాకి చదివి వినిపించాను. అదేమందో తెలుసా? “పిల్ల అన్నదాంట్లో తప్పేముందే? నీకేం తెలుసని?” అంది. మగ్గం పట్టుకుని పక్క వీధికి పొమ్మన్నాను. పోలేదు.

సరే. నాకు తెలియదు. తెలియకపోతే తెలుసుకోవాలి. పిచ్చి కుదిరింది, తలకి రోకలి చుట్టమన్నాడట వెనకటికి ఒకడు. నేను రోకలి చుట్టుకోలేదు గాని, సబ్బు కట్టుకున్నాను.

బట్టల సబ్బుని నీ పంపు అంత ముక్క కోశాను. చేపల తొట్టెకి వాడే సన్న గొట్టం గాస్పర్ చేత తెప్పించాను. ఒక కొస సబ్బులో గుచ్చి, రెండో కొస బొడ్డు పక్కన మందు పట్టీతో అంటించాను. నువ్వు తీయకూడదు కాబట్టి నేనూ తీయలేదు. స్నానానికి తప్ప.

మొదటి పగలే పరువు పోయింది. మగ్గం దగ్గర నిలబడి రుఫీనాతో మాటల్లో పడి కండె అటూ ఇటూ ఆడిస్తూ ఆ గొట్టాన్ని కూడా అల్లేశాను. వాల్యదొలిద్ ఊరివాళ్ళు నా చేత అల్లించుకుంటున్న పెళ్ళి ఉయ్యాల! నీళ్ళు తాగుదామని కదిలితే మగ్గం నాతో పాటు బయల్దేరింది. రుఫీనా కత్తెర పట్టుకొచ్చి, “ఏది కొయ్యమంటావే?” అంది. “ఉయ్యాల కొయ్యకు!” అని అరిచాను. అరిచాక నోరు మూసుకున్నాను. నిన్ను తిట్టే అర్హత నాకు లేదు. వంశంలోనే ఉంది.

ఇక ఊరు. మొక్కజొన్న పిండిమర దగ్గర గొట్టం బయటికి వేలాడింది. సాయంత్రానికల్లా ఫిదేలియాకి పొట్టలోకి సబ్బు ఎక్కించి లోపల కడుగుతున్నారని పుకారు. మర్నాడు ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి, మలబద్ధకానికి పనిచేస్తుందా అని అడిగారు. ఆదివారం ఫాదర్‌గారు పూజలో నా పొట్ట కోసం అందరి చేతా ప్రార్థన చేయించారు. నేనూ మోకరిల్లి ఆమెన్ అన్నాను. ఏం చెయ్యను?

రాత్రుల సంగతి చెబుతాను. ఈ ఎండలకి చెమట పట్టి సబ్బు కరిగింది. లేచేసరికి నేనే ఒక నురగ. సబ్బు మానేసి మీ మామయ్య దొమినో ఆట పావుల డబ్బా కట్టుకున్నాను. పక్కకి తిరిగితే గలగల, ఇటు తిరిగితే గలగల. ఆయన బతికున్నప్పుడు పెట్టిన గురక కూడా అచ్చం అలాగే ఉండేది. అందుకని దానికి నికనోర్ అని పేరు పెట్టాను. “కాస్త జరుగు, నికనోర్,” అంటే జరిగేది కాదు. ఆయనా అంతే.

నవ్వుకో. నవ్వాక ఇది చదువు. నిద్ర పట్టనిది డబ్బా గుచ్చుకోవడం వల్ల కాదే. దాని మీద పడతానేమో, ఊడిపోతుందేమో అని. అది ఊడినా నాకేం కాదని తెలుసు, ఉత్త దొమినోలు. అయినా చెయ్యి దాని మీదనుంచి తీయలేకపోయాను. నాకే ఇలా ఉంటే, ప్రాణం దాని మీద పెట్టుకున్న నువ్వెలా పడుకుంటున్నావో అనిపించి ఏడుపొచ్చింది. గట్టిగానే ఏడ్చాను. రుఫీనా గోడ అవతల నుంచి, “పొట్ట నొప్పా?” అని అడిగింది.

ఇంకోటి కూడా చెప్పేస్తాను. అవును, నాకు ఆ పంపు మీద కుళ్ళు. నీ నుదురు తడమడం నా పని. ఒక ప్లాస్టిక్ డబ్బా వచ్చి ఆ పని లాక్కుంది. అది నాకంటే బాగా చేస్తుందని నువ్వు అనకపోయినా నాకు తెలుసు. నేను మగతలో ఉంటే నీ చెమట నాకు తెలిసేది కాదు. దానికి మగత లేదు. కుళ్ళు నాది, షుగర్ నీది. నా కుళ్ళు కోసం నువ్వు సూదులకి పోనక్కర్లేదు.

కాబట్టి విను. తాళ్ళకి తగిలించకు, మెడలో వేసుకోకు, దిండు మీద పెట్టకు. నా పాత లోపావడా గుడ్డతో నీకు రాత్రి గౌను కుట్టాను. నడుము దగ్గర లోపలి వైపు రెండు జేబులున్నాయి. బిళ్ళ ఎడమ పక్కన అంటిస్తే ఎడమ జేబు, కుడి పక్కనైతే కుడి జేబు. గొట్టం చుట్ట చుట్టి అదే జేబులో వేసి బొత్తాం పెట్టుకో. గొట్టం గుడ్డ దాటి బయటికి రాకపోతే వలకి పట్టుకోడానికి ఏమీ దొరకదు. ఉయ్యాలలో ఏటవాలుగా పడుకో, మెరిదా వెళ్ళాక నిలువుగా పడుకోవడం నేర్చావేమో నాకు తెలియదు. పంపు ఉన్న వైపు పైకి ఉండాలి. చంటిపిల్లని పక్కలో వేసుకున్న తల్లి నిద్రలో కూడా పిల్ల మీద పడదు. మొదట్లో భయం, తర్వాత ఒంటికే తెలుస్తుంది. నాకు తెలియడానికి వారం పైన పట్టింది. ఇప్పుడు నికనోర్ గలగలమనడం లేదు.

వాల్యదొలిద్ పెళ్ళికూతురి ఉయ్యాల బాగానే ఉంది. చిన్న గొట్టం ముక్క మాత్రం అందులో ఉండిపోయింది. కనబడదు.

అత్త

*

మెరిదా,
మే, రెండో ఆదివారం

ముద్దుల అత్తకి,

ముందు అసలు వార్త. పంపు నాదే!

డాక్టర్ ఇలియానా లెక్క చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. “ఈ నెల రాత్రిళ్ళన్నీ గీత గీసినట్టున్నాయి, ఏం చేశావు?” అంది. గౌను సంచిలోంచి తీసి చూపించాను. ఆవిడ నవ్వి, నర్సు ఇచ్చిన కాగితం తెమ్మంది. తిప్పి చూపించింది. అత్తా, వెనక వైపు పెద్ద అక్షరాలతో రాసి ఉంది, పంపుని రాత్రి దుస్తుల లోపలి జేబులో పెట్టుకుని పడుకోండి అని. మంచం బొమ్మ చూడగానే మనకి కాదనుకుని నేను ఆ కాగితం తిప్పనేలేదు. నువ్వు సబ్బు నురగలో పొర్లాడింది, ఫాదర్‌గారు నీ పొట్ట కోసం ప్రార్థించింది, అంతా నేను కాగితం తిప్పకపోవడం వల్ల. తిట్టు. నోరారా తిట్టు.

అయినా నేను నిద్రపోయింది కాగితం వల్ల కాదు. నువ్వు దొమినోల డబ్బా కట్టుకుని పడుకున్నావన్న మాట తలుచుకుని ఉయ్యాలలో ఒక్కదాన్నే పకపకా నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఎప్పుడు నిద్రపోయానో తెలియదు. లేచేసరికి పంపు జేబులో వెచ్చగా ఉంది.

మొన్న నిజంగానే షుగర్ పడిపోయింది. పంపు కూసింది. గ్రసియేలా లేచి తిన్నగా కిటికీ దగ్గరికి పోయి చిలకని తిట్టడం మొదలెట్టింది. “ఏయ్, నీకు ఇంకో పని లేదా? పిల్లని పడుకోనివ్వవా?” అని. చిలక పాపం తల రెక్కలో పెట్టుకుని పడుకుని ఉంది. గ్రసియేలా తిట్లకి అది లేచి, తనకొచ్చిన పాత బూతులన్నీ తిరిగి తిట్టింది. వాళ్ళిద్దరి పోట్లాట అయ్యేలోపు నేను నారింజ రసం తాగి, షుగర్ పైకి వచ్చిందని పంపులో చూసుకుని, మళ్ళీ పడుకుండిపోయాను. ఎవరూ నా నుదురు తడమలేదు, అత్తా. నాకు భయం వెయ్యలేదు. నీకు చెప్పాలనిపించింది, బాధపెట్టాలని కాదు.

టెకాష్ ఆవిడకి కూడా పంపు వచ్చేస్తోంది. ఎవరో ఊరు మారుతూ వాళ్ళది తిరిగి ఇచ్చేశారట. ఈసారి ఆవిడ నా నడుము వైపు చూస్తే నచ్చింది. జేబు సంగతి చెప్పాను. ఆవిడా ఉయ్యాలే. “కాగితం మీద మంచం బొమ్మ చూసి మా ఆయన మంచం కొందామంటున్నాడు,” అంది. వద్దని చెప్పాను.

కోపంలో ఎన్నాళ్ళుంటావని రాశాను. చాలాకాలం ఉండు.

నీ
లాందీ

*

తిష్‌కొకోబ్,
మే, వానకి ముందు

లాందీ,

నీ ఉత్తరం శనివారం సాయంత్రం వచ్చింది. దాన్ని రుఫీనాకి చదివాను, గాస్పర్‌కి చదివాను, ఫాదర్‌గారికి నా పొట్ట బాగుపడిందని చెప్పాను. కాగితం తిప్పలేదన్న ముక్క మాత్రం ఎవరికీ చదవలేదు. మన పరువు మన చేతుల్లో ఉండాలి.

తర్వాత జరిగింది రాయాలి. సిగ్గుగా ఉంది గాని, ఎలాగూ గాస్పర్ చెప్పేస్తాడు.

ఆదివారం పూజకి నేను వెళ్ళలేదు. వెళ్ళలేదంటే, లేవలేదు. ఊళ్ళో అందరికంటే ముందు లేచి వాకిలి ఊడ్చే మనిషిని కదా, తలుపు తెరుచుకోలేదని రుఫీనా వచ్చి కొట్టింది. పలకలేదు. కిటికీలోంచి తొంగిచూస్తే ఉయ్యాలలో కదలకుండా ఉన్నానట. ఇంకేముంది! “ఫిదేలియా పోయింది, సబ్బే చంపింది!” అని వీధిలో పడి గుండెలు బాదుకుంది. జనం వచ్చారు. గాస్పర్ తలుపు గడియ ఊడగొట్టాడు. ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని జపమాలలు తీశారు. ఒకావిడ నా కాళ్ళు సరిచేసింది. రుఫీనా ఏడుస్తూనే, “దాని మగ్గం నాకిస్తానని నోటితో అంది, మీరంతా సాక్ష్యం,” అంటోంది. “ఎప్పుడంది? నేనెప్పుడూ వినలేదే,” అని ఇంకొకావిడ. వాళ్ళ గొడవకి నాకు మెలకువ వచ్చింది.

“ఏమే రుఫీనా, నేనింకా చల్లారకుండానే నా మగ్గం మీద చెయ్యి వేస్తున్నావా?” అన్నాను.

ముగ్గురు పరిగెత్తారు. ఒకావిడ మూర్ఛపోయింది. ఆవిడని నా ఉయ్యాలలోనే పడుకోబెట్టాల్సి వచ్చింది.

అందరూ వెళ్ళాక రుఫీనా కూర్చుని నన్ను ఎగాదిగా చూసింది. “పొద్దెక్కేదాకా పడుకోవడమేమిటే నువ్వు? ఒంట్లో బాగాలేదా?” అంది. కళ్ళు నులుముకుని చుట్టూ చూశాను. పాదాల మీద ఎండ పడింది, గదంతా వెలుతురు. ఆ వేళప్పుడు మా ఇల్లు లోపల్నుంచి ఎలా ఉంటుందో నేనెప్పుడూ ఉయ్యాలలో పడుకుని చూడలేదు.

లాందీ, నీకు జబ్బు వచ్చిందని చెప్పిన రోజు నుంచీ చీకట్లో లేవని రోజు నాకు లేదు. నువ్వు మెరిదా వెళ్ళిపోయాక కూడా లేచేదాన్ని. లేచి నీ ఖాళీ ఉయ్యాల వైపు చెయ్యి చాపి, లేవు కదా అని గుర్తొచ్చి, మళ్ళీ నిద్రపట్టక వాకిలి ఊడ్చేదాన్ని. నేను ఒళ్ళు వంచి పనిచేసే మనిషినని ఊరంతా మెచ్చుకునేది. మొన్న రాత్రి ఉలికిపాటు రాలేదు. పిల్లకి పరవాలేదని ఒంటికి కూడా తెలిసిపోయినట్టుంది.

“పిల్ల బాగుందట, రుఫీనా. అందుకే పడుకున్నాను,” అన్నాను.

అది లేచి నా వాకిలి ఊడ్చి పెట్టి వెళ్ళింది.

ఇంకా చాలా రాద్దామనుకున్నాను. కానీ మళ్ళీ నిద్ర వస్తోంది.

అత్త